దానికి ఎన్నేండ్లు?
(ఆకాశవాణి కడప కేంద్రం స్త్రీల కార్యక్రమంలో మైదుకూరు గృహిణి ఒకరు చేసిన ప్రసంగం)



ఆడవాళ్లను వయసడిగితే నాలుగేండ్లు తగ్గించి చెప్తారని మగవాళ్లు నవ్వుతుంటారు. నవ్వనీండి. పెంచుకున్న ప్రాణుల దగ్గరికొచ్చేసరికి ఆడామగా తేడా లేకుండా అందరం పెంచే చెప్తాం. "మా కుక్కకు ఇరవై ఏండ్లు" అని ఒకరంటే, "మా పిల్లికి ఇరవై అయిదు" అని పక్కింటావిడ అంటుంది. సంతలో ఎనుమునమ్మే దళారి ఒక్కడే మళ్లీ తగ్గిస్తాడు. పెంచినా తగ్గించినా అసలు వయసు తెలుసుకునే దారి ఏమన్నా ఉందా అన్నది ఈనాటి ప్రసంగం.

మూడేండ్ల కిందట పోర్చుగల్ దేశంలో ఒక కుక్క పేరు లోకమంతా మోగిపోయింది. పేరు బాబీ. కాంకైరోస్ అనే చిన్న పల్లెలో ఉండేది. పశువుల కాపలాకు పెంచే జాతి. అది 1992 మే 11న పుట్టిందని యజమాని చెప్పినాడు. 2023 ఫిబ్రవరిలో గిన్నిస్ వాళ్లు, ఇంతవరకు లోకంలో బతికిన కుక్కలన్నిటిలోకీ ఇదే ముసలిదని పుస్తకానికెక్కించినారు. ఆ అక్టోబరులో, 31 ఏండ్లు నిండినాయన్న లెక్కతో, అది చనిపోయింది. ఆ జాతి కుక్కలు మామూలుగా పన్నెండు, పద్నాలుగేండ్లు బతుకుతాయి. అందుకే పశువైద్యులు కొందరు, ఇది మనిషి రెండు వందల ఏండ్లు బతికినానన్నట్టుందే అని సందేహపడినారు. పాత ఫొటోలో కుక్క కాళ్ల దగ్గర తెల్లగా ఉంది, చివరినాటి బాబీకి ఆ తెలుపు కనపడదే అని కొందరు ఎత్తిచూపినారు.

గిన్నిస్ వాళ్లు మళ్లీ విచారణ చేసినారు. బాబీ వయసు ఆ దేశపు ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న మాట నిజమే. కానీ ఆ నమోదు జరిగింది 2022లో. మెడ దగ్గర చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు పెట్టినప్పుడు యజమాని నోటితో చెప్పిన తేదీని అట్లే రాసుకున్నారు. 2008కి ముందు పుట్టిన కుక్కలకు రుజువు అడగాల్సిన పని లేదట. పశువైద్యుడిచ్చిన కాగితం కూడా ఆ చిప్పు మాటనే తిరిగి చెప్పింది. రెండు కాగితాలున్నట్టు కనపడినాయి గానీ రెండింటి వెనకా ఉన్నది ఒక్క నోరే. 2024 ఫిబ్రవరిలో ఆ బిరుదు తీసేసినారు. యజమాని అబద్ధమాడినాడని వాళ్లు తేల్చలేదు, రుజువు చాలదన్నారు. ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది, గమనించండి.

అంతకు ముందు ఆ గొప్ప ఆస్ట్రేలియాలోని బ్లూయీ అనే కుక్కది. 1910లో పిల్లగా తెచ్చుకున్నారు, 1939 నవంబరులో పోయింది. 29 ఏండ్ల 5 నెలలు. దాన్నీ అనుమానించేవాళ్లున్నారు. పిల్లుల్లో అమెరికాలోని క్రీమ్ పఫ్ అనేది 1967 నుంచి 2005 దాకా, 38 ఏండ్లు బతికిందని రికార్డు. చిత్రమేమంటే అంతకు ముందు రికార్డు కొట్టిన 34 ఏండ్ల పిల్లిదీ ఆ ఇల్లే! ఆ ఇంటి తిండి అంత గొప్పదా, ఆ ఇంటి లెక్క అంత ధారాళమా అని నాబోటి దానికి అనిపించకుండా ఉంటుందా?

మన దగ్గరికొద్దాం. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో చాణక్య అనే గాలపాగోస్ పెద్ద తాబేలు 2024 మార్చిలో చనిపోయింది. 125 ఏండ్లని పత్రికలు రాసినాయి. ఆ వార్తల్లో నాకు గట్టిగా కనపడిన తేదీ ఒక్కటే: 1963లో, జూ తెరిచిన ఏడు, పబ్లిక్ గార్డెన్సు నుంచి దాన్ని అక్కడికి తెచ్చినారు. అంటే 61 ఏండ్లు చేతిలో ఉన్న లెక్క. తక్కినది అంచనా. కలకత్తా అలీపూరు జూలో 2006లో పోయిన అద్వైత అనే తాబేలుకు రెండు వందల యాభై ఏండ్లనీ, అది రాబర్టు క్లైవు పెంచుకున్నదనీ చెప్పినారు. క్లైవు ఈ దేశం వదిలింది 1767లో, ఆ జూ తెరిచింది 1876లో. నడుమ వందేండ్ల పైన ఖాళీ. ఆ ఖాళీని కథ పూడ్చింది.

మధ్యప్రదేశ్ పన్నా అడవిలో వత్సల అనే ఆడ ఏనుగు నిరుడు, 2025 జులైలో కన్ను మూసింది. నూరేండ్లు దాటినాయని అందరూ చెప్పుకున్నారు. కేరళ నీలంబూరు అడవుల నుంచి వచ్చిన ఏనుగది. పుట్టుక కాగితం లేకపోవడంతో గిన్నిస్ పుస్తకానికి ఎక్కలేదు. అన్నేండ్లు సేవ చేసిన ప్రాణికి ఒక కాగితం లేకపాయనే అని నాకు మనసు కష్టమైంది.

ఇట్లాంటి వాటిలో నాకు నచ్చింది సెయింట్ హెలీనా దీవిలోని జోనాథన్ తాబేలు లెక్క. 1882లో ఆ దీవికి తెచ్చినప్పటికే అది పూర్తిగా ఎదిగి ఉంది. అంత ఎదగడానికి తక్కువలో తక్కువ యాభై ఏండ్లు పడుతుంది కాబట్టి 1832 అని వేసుకున్నారు. తెలిసినదెంత, ఊహించినదెంత అని విడదీసి చెప్పడం అంటే అది. షికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డు జూలో కుకీ అనే కాకటూ పక్షి 2016లో 83వ ఏట పోయింది. 1934లో ఆ జూ తెరిచిన నాటి నుంచీ అక్కడే ఉండడంతో, దాని లెక్కకు ఎవరూ వంక పెట్టలేదు.

ఒంటిని చూసి వయసు కనుక్కోలేమా అని అడగొచ్చు. మన రైతులు ఎప్పటినుంచో చేస్తున్న పనే కదా! మన సీమలో తిరునాళ్లకు ఎద్దుల బండలాగుడు పందేలు పెడతారు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వేరువేరుగా ఉంటాయి. పందెం ముందు నోరు తెరిపించి చూస్తారు. పశువుకు ముందు పళ్లు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. రెండు, రెండున్నర ఏండ్లకు నడిమి పాలపళ్లు రెండు ఊడి పెద్దపళ్లు వస్తాయి. ఆ తర్వాత జతజతగా మారుతూ అయిదేండ్ల సుమారుకు ఎనిమిదీ నిండుతాయి. ఎనుముకు కాస్త ఆలస్యం. అక్కడికి ఆ పంచాంగం అయిపోయింది. తర్వాత అరుగుదల చూసి అంచనా కట్టాల్సిందే. రాళ్లు, ఇసుక కలిసిన కసువు మేసే మన మెట్ట పశువుకు పళ్లు తొందరగా అరుగుతాయి, దాణా తినే పశువుకు నిదానంగా అరుగుతాయి.

కొమ్ము మీది వలయాలు లెక్కపెట్టడం ఇంకో పద్ధతి. దళారులకు అది మనకంటే ముందే తెలుసు. ఆకురాయితో నున్నగా గీకి, నూనె పూసి తెస్తారు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఎనుమును కొనే అక్కచెల్లెండ్రకు నేను చెప్పేదొకటే. కొమ్ము మరీ నిగనిగలాడుతుంటే, దాని అందం చూసి మురిసిపోకుండా నోరు తెరిపించండి. నాలుగో ఈత అని చెప్పినది ఎనిమిదో ఈతదైతే, మూడేండ్ల కంతులు మీవి, పాలు మాత్రం ఏడాదిన్నరకే ఆఖరు. మా బంధువులామె ఒకరికి ఇట్లాగే జరిగింది. కంతు కట్టడానికి చెవి కమ్మలు తాకట్టుకు పోయినాయి.

కుక్కకు పళ్లు ఇంకా తక్కువ చెప్తాయి. ఏడు నెలలకే నలభై రెండు పళ్లూ వచ్చేస్తాయి. ఏడెనిమిదేండ్లకు కంటిపాపలో నీలపు పొగ మాదిరి మసక కనపడుతుంది. మూతి నెరవడం నమ్మేటిది కాదు, కొన్నిటికి నాలుగేండ్లకే నెరుస్తుంది. అది ముసలిదని డాక్టరు చెప్పగలడు గానీ, పదహారా ఇరవయ్యా అంటే చెప్పలేడు. డీఎన్ఏ మీద వయసుతో పాటు పడే రసాయనిక గుర్తులను లెక్కగట్టే పరీక్షలు ఇప్పుడు వచ్చినాయి. అవీ కొన్నేండ్లు అటూ ఇటూగానే చెప్తాయి. తాబేలు డిప్ప మీది గీతలు వయసు పైబడే కొద్దీ అరిగిపోతాయి. (చిలుకనూ, నక్షత్ర తాబేలునూ ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి చెప్తున్నాను.)

కాబట్టి చివరికి మనిషి నోటి మాట దగ్గరికే రావాలి. దాన్ని ఎట్లా జల్లించాలన్నదే అసలు పని. ఖాజీపేట వైపు పల్లెలో ఒక అవ్వ దగ్గర ఇరవై ఆరేండ్ల కుక్క ఉందని తెలిసి, మాట్లాడి రికార్డు చేసుకుందామని నిరుడు పోయినాను. కుక్క పేరు రాజు. వసారాలో గోనెపట్ట మీద పడుకుని ఉంది. అవ్వకు ఎనభై దాటి ఉంటాయి.

"ఇది ఎప్పుడొచ్చిందవ్వా?" అన్నాను.

"మా పాప కువైట్‌కు పోయిన ఏడమ్మా. మా ఆయన బద్వేలు నుంచి సంచిలో ఏసుకోని తెచ్చినాడు. ఇంతే ఉండ్య, పిల్లిపిల్ల మాదిరి."

కువైట్ పోయిన ఏడంటే పాస్‌పోర్టు మీద ముద్ర ఉంటుంది. కూతురు ఊర్లోనే ఉండడంతో తీసి చూపించింది: 1999. లెక్క సరిపోయింది. నేను అక్కడికే లేచి వచ్చి ఉంటే, ఇరవై ఆరేండ్ల కుక్క అని మీకందరికీ రేడియోలో చెప్పేసేదాన్నే. కానీ తేదీ రుజువైంది కుక్కపిల్ల వచ్చిన దానికి. ఆ పిల్లా, ఈ ముసలిదీ ఒకటేనని ఎవరు చెప్పాలి? పక్కింటామెను వేరుగా అడిగినాను. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే ఒకరి మాటకు ఇంకొకరు తల ఊపుతారు, అది సాక్ష్యం కాదు. ఆమె అన్నది కదా, "రాజశేఖరరెడ్డి హెలికాప్టరు కూలిన నెలలో మా గొడ్ల కొట్టంలో కుక్క ఈనింది. ఒక పిల్లను అవ్వోళ్లు ఎత్తుకపోయిరి." అది 2009 సెప్టెంబరు. మన జిల్లాలో ఆ తేదీ ఎవరూ మరిచిపోరు.

తర్వాత మనవడి పుట్టెంట్రుకల ఫొటో బయటికొచ్చింది, 2003 నాటిది. అవ్వ, అవ్వ పెనిమిటి, వాళ్ల కాళ్ల దగ్గర రాజు. ఆ రాజుకు తోక మొండి. వసారాలో పడుకున్న రాజు, తన పేరు వినపడినప్పుడల్లా నిండు తోక ఊపుతోంది. తెగిన తోక మళ్లీ మొలవదు కదా!

మన ఇండ్లలో ఇది మామూలే. ఒక కుక్క పోతే దాని పేరే వచ్చినదానికి పెడతాం. పదేండ్లు గడిచేసరికి రెండు కుక్కలు ఒకటై కూర్చుంటాయి. వయసు రికార్డులు పరీక్షించేవాళ్లు మనుషుల విషయంలోనూ దీన్నే భయపడతారు, చనిపోయిన అన్న పేరు తమ్ముడికి పెట్టిన ఇండ్లలో. ఫ్రాన్సులో 1997లో 122 ఏండ్లకు చనిపోయిన జాన్ కాల్మాన్ అనే ఆమెకు జనాభా లెక్కల పుస్తకాలు అన్ని ఉన్నా, ఆమె కూతురే ఆమె పేరున బతికిందని వాదించినవాళ్లున్నారు.

అవ్వతో ఎట్లా చెప్పాలా అని కూతురూ నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. ఆ మొదటి రాజును తెచ్చినాయన పోయి పదిహేడేండ్లయింది. ఈ కుక్క ఆయన సంచిలో వచ్చింది కాదంటే, ఆమెకు పోయేది రికార్డు కాదు. అయినా పశువుల డాక్టరు కీళ్ల నొప్పులకు మందు రాస్తూ వయసడుగుతున్నాడు, ఇరవై ఆరంటే ఇంక మందెందుకని వదిలేస్తాడేమోనని కూతురికి భయం. ఆమే మెల్లగా చెప్పింది. అవ్వ ఫొటోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "అవునే, వాని తోక మీ నాయనే కోసినాడు," అన్నది. కాసేపుండి, "అయితే వీనికి ఇంకా కొన్నేండ్లు ఉండాయనా?" అని నన్నడిగింది. పదహారు నడుస్తున్న నాటు కుక్కకు అదీ పండు వయసేనని చెప్పినాను. డాక్టరుకు పదహారని రాయించినారు.

ఇంకొక చిక్కు మన సంవత్సరాల పేర్లతో. ప్రభవలో పుట్టిందంటే 1927 కావచ్చు, 1987 కావచ్చు. అరవై ఏండ్లకొకసారి తిరిగొచ్చే పేరుతో ఏనుగుకూ తాబేలుకూ వయసు కట్టకూడదు. పైగా మనవాళ్లు నడిచే ఏడును కూడా కలిపి చెప్తారు.

మీ ఇంట్లో ఇప్పుడు దూడ గానీ కుక్కపిల్ల గానీ ఉంటే ఈ వారమే ఒక పని చేయండి. పాల లెక్క రాసే పుస్తకంలో వచ్చిన తేదీ, రంగు, మచ్చలు, తోక, చెవులు ఎట్లున్నాయో రాయండి. ఆనాటి దినపత్రికను పక్కన పెట్టి ఫొటో తీయించండి. రేబిస్ టీకా వేయించిన ప్రతిసారీ కార్డు మీద తేదీ వేయించుకుని దాచండి. ఏటేటా పడే ఆ తేదీలే రేపు గట్టి సాక్ష్యం. పశువుల చెవికి వేసే పన్నెండంకెల పచ్చ బిళ్ల నంబరు కూడా అదే పేజీలో రాసుకోండి. బిళ్ల వేసేటప్పుడు వయసు మీరు చెప్పిందే రాసుకుంటారు, అందుకని నిజమే చెప్పండి. ఒకటి పోయి ఇంకొకటి వస్తే, పేరు అదే పెట్టుకున్నా సరే, కొత్త పేజీ తిప్పండి.