బైక్ మీద వాకీటాకీ: ఫోన్ కాదు కాబట్టి చలాన్ పడదా?

పొద్దున తొమ్మిదింటికి అడిక్‌మెట్ ఫ్లైఓవర్ మీద ఓ పది నిమిషాలు నిలబడండి. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో నోటి దగ్గర ఫోన్ పట్టుకుని పోయేవాళ్లు కనిపిస్తారు. అందరూ కాల్‌లో ఉన్నారనుకోకండి. వాయిస్ మెసేజ్ పంపేవాళ్లున్నారు, జెల్లో లాంటి పుష్-టు-టాక్ యాప్‌లో బటన్ నొక్కి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. "అది కాల్ కాదు కద బ్రో, చలాన్ ఎందుకు?" అని అడుగుతుంటారు.

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ తీద్దాం. 2019 సవరణలో అక్కడ మొబైల్ ఫోన్ అని రాయలేదు. చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం అని రాశారు. యాప్ అయినా, చేతి వాకీటాకీ అయినా తప్పించుకునే దారి నాకైతే కనిపించట్లేదు. చట్టంలో మొదటిసారికి 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదంటే 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. 2020 అక్టోబర్ నుంచి రూల్స్‌లో ఒక్క సడలింపు ఉంది: దారి చూసుకోవడానికి వాడొచ్చు, అదీ ధ్యాస చెదరకుండా.

అమెరికాలో ఇంకో రకం. అక్కడ రాష్ట్రాలు దాటి తిరిగే ట్రక్కు డ్రైవర్లు చేత్తో ఫోన్ పట్టుకోకూడదని 2012లో రూల్ వచ్చింది. ఫోన్‌లో పుష్-టు-టాక్ కూడా అందులోనే లెక్క. సీబీ రేడియోకి మాత్రం ఆ నిషేధం లేదు! రెండిట్లోనూ నొక్కేది బటనే కద, తేడా ఏంటి అంటారా? నా లెక్కలో తేడా ఉంది. రేడియో బటన్ వేలికి తగుల్తుంది, చూడక్కర్లేదు. గాజు స్క్రీన్ మీది బటన్ కోసం కళ్లు కిందకి పోతాయి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆ ఒక్క సెకను చాలు, ముందు ఆటో బ్రేక్ కొట్టేస్తాడు.

రేడియోలో ఒక మంచి కూడా ఉంది. జవాబు ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. కాల్‌లో అయితే "హలో, ఉన్నావా?" అని మొదలెడతారు.

మరి గ్యాంగ్‌తో అనంతగిరి పోతున్నారు, ఎలా? వెనక కూర్చున్నవాళ్ల చేతికి ఇచ్చేయండి. ఒక్కరే ఉంటే బండి పక్కకి ఆపి మాట్లాడండి.

కొనేవాళ్లకి ఒక మాట. లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. అది దాటితే లైసెన్స్ కావాలి. ఆన్‌లైన్‌లో ఈ వివరాలేవీ చెప్పకుండానే అమ్ముతున్నారని 2025 మేలో వినియోగదారుల రక్షణ అథారిటీ షాపింగ్ సైట్లకి నోటీసులిచ్చింది. ఈటీఏ సర్టిఫికెట్ ఉందా, ఏ ఫ్రీక్వెన్సీ అని అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే కార్ట్‌లోంచి తీసేయండి.

హెల్మెట్ ఇంటర్‌కామ్‌ల సంగతి నెక్స్ట్ ఎపిసోడ్‌లో. ఉంటా మరి.