పాత రివాల్వరు: ట్రిగ్గరు బిగువు

రివాల్వరు రెండు విధముల ప్రేలును. సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగి, పిమ్మట ట్రిగ్గరును నొక్కుట మొదటిది. ట్రిగ్గరును లాగిన ఒక్క లాగుతోనే సిలిండరు ఒక అఱ తిరిగి, సుత్తి లేచి పడుట రెండవది. దీనినే డబుల్ యాక్షన్ అందురు. 1851లో లండను ప్రదర్శనమున రాబర్టు ఆడమ్సు చూపిన రివాల్వరులో ఈ రెండవ విధము మాత్రమే కలదు. 1856 నాటి బోమాంటు సవరణతో రెండును ఒకదానియందే యమరినవి.

చేయి మారిన రివాల్వరు నందుకొన్నవారు తఱచు చెప్పుమాట యొకటి కలదు: ఒకసారి ట్రిగ్గరు తేలికగా వచ్చును, మఱొకసారి బిగియును. దీనికి కారణము కనుగొనుటెట్లు? 1899లో వెలువడిన స్మిత్ అండ్ వెస్సన్ వారి మిలిటరీ అండ్ పోలీసు రివాల్వరు తరగతిని ఉదాహరణముగా గైకొందము.

మొట్టమొదట తూటాలన్నియు తీసి, ఆఱు అఱలను కంటితో చూచి, వ్రేలితో తడవి, ఖాళీయని నిశ్చయించుకొనవలెను. తూటాలను దూరముగా నుంచవలెను. పిమ్మట ఒక అఱకు సుద్దతో గుర్తుపెట్టి, గురిని నిరపాయమైన దిక్కున నుంచి, ట్రిగ్గరును మెల్లగా ఆఱుమార్లు లాగవలెను. ఆఱింటను బిగువు సమానమైనచో దోషము లోపలి యంత్రములోనిది: ఎండి జిగురైన నూనెయో, త్రుప్పో, స్ప్రింగో. ప్రతి చుట్టునను ఒకే అఱవద్ద బిగిసినచో దోషము సిలిండరుతో తిరుగుచున్నది. ఎక్స్‌ట్రాక్టరు నక్షత్రము క్రింద మందు రేణువు చిక్కియుండవచ్చును, దాని పండ్లలో నొకటి అరిగియుండవచ్చును, కడ్డీ వంగియుండవచ్చును. సిలిండరును తెఱచి త్రిప్పినచో వంగిన కడ్డీ కొన ఊగులాడుచు కనబడును. కడ్డీ మర వదలినచో సిలిండరు తెఱచుకొనుటకే మొరాయించును. పాతవానిలో ఆ మర కుడివాటము, 1960ల నుండి ఎడమవాటము. కావున బలవంతముగ త్రిప్పరాదు.

మేమెఱిగిన యొకరు స్ప్రింగును కోయింపనెంచిరి. సుద్దగుర్తు పెట్టి చూడగా బిగువు ఒక్క అఱవద్దనే తేలినది. నక్షత్రము క్రింద కుంచెతో తుడిచితిమి, బిగువు తీఱినది. స్ప్రింగు కోసియున్నచో, లేక పిడి ముందరి మరను వదులు చేసియున్నచో, లాగుట చేతికి హాయియే. కాని సుత్తి దెబ్బ బలహీనమై తూటా ప్రేలకపోవచ్చును. కావలివాని ప్రాణము ఆ దెబ్బమీదనే నిలిచియుండును గదా!

శుభ్రపఱచినను తీఱని దోషమును లైసెన్సుగల పనివానికే అప్పగింపవలెను. 1959 నాటి ఆయుధ చట్టము కోరునదియు నదియే. కారణము తెలియకముందు ఆకురాయి పట్టకుండుటయే మొదటి మరమ్మతు.