అందించిన చేయిని అందుకోవడం

 

స్తుతి స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి శుభాలు వర్షించుగాక!

సాయం చేయడంలోని పుణ్యాన్ని గురించి మనం తరచుగా వింటుంటాము. సాయం స్వీకరించడాన్ని గురించి నేడు నాలుగు మాటలు మనవి చేస్తాను.

హైదరాబాద్ వంటి నగరంలో ఒక్కరోజు ప్రయాణిస్తే చాలు, మనిషికి మనిషి అవసరమెంతో తెలిసిపోతుంది. వైద్యం కోసం జిల్లా నుండి వచ్చిన వృద్ధుడు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగుతాడు. ఏ బస్సు ఎక్కాలో, అమీర్‌పేటలో మెట్రో ఎలా మారాలో ఆయనకు తెలియదు. అయినా ఎవరినీ అడగడు. విద్యార్థి ఒకడు లేచి కూర్చోమంటే, "ఫర్వాలేదు నాయనా" అంటూ వణికే కాళ్ళతోనే నిలబడతాడు. ఇది ఆత్మాభిమానమా, అహమా? ఎవరి హృదయాన్ని వారే ప్రశ్నించుకోవాలి.

క్రీ.శ. 622లో హిజ్రత్ చేసినపుడు దైవప్రవక్త (సఅసం), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి కుదుర్చుకున్నారు. అప్పటికి అతను ముస్లిం కాడు. అల్లాహ్‌పై అందరికంటే మిన్నగా భరోసా గల ప్రవక్తే దారి తెలిసినవాని వెంట నడిచారు. కనుక, సాయం పొందడం తవక్కుల్‌కు విరుద్ధం కానేకాదు.

మదీనా చేరిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇవ్వజూపారు. ఆయన సఅద్ (రజి) కోసం దుఆ చేసి, బజారుకు దారి చూపమని మాత్రం కోరారు. అవసరానికి మించి తీసుకోలేదు. అవసరమైనది అడగడానికి సిగ్గుపడలేదు.

దైవప్రవక్త (సఅసం) ఏదైనా ఇస్తే, తనకంటే పేదవారికి ఇవ్వమని హజ్రత్ ఉమర్ (రజి) మనవి చేసేవారు. ఆశించకుండా, అడగకుండా వచ్చినదానిని స్వీకరించమనీ, రానిదాని వెంట మనసును పోనివ్వవద్దనీ ప్రవక్త (సఅసం) ఆయనకు బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసు అత్యాశకూ స్వీకారానికీ మధ్య హద్దును చూపుతున్నది.

సోదరులారా! బిడ్డలకు భారమవుతామని మందులు మానేసే తల్లులు మనలో ఉన్నారు. బంధువుల వద్ద ఖర్జె హసనా అడిగితే పరువు పోతుందని వడ్డీ వ్యాపారి గడప తొక్కే తండ్రులూ ఉన్నారు. అల్లాహ్ నిషేధించిన వడ్డీ కంటే సోదరుని ముందు నోరు విప్పడం అవమానకరమా?

ఇచ్చేవారికీ ఒక మాట. ఇచ్చి దెప్పిపొడిస్తే దానం వ్యర్థమవుతుందని దివ్య ఖుర్‌ఆన్ (2:264) హెచ్చరిస్తున్నది. అనేకులు అడగడానికి జంకేది మన నాలుకలకు భయపడే. చేసిన సాయాన్ని నలుగురిలో చెప్పకండి.

అవసరమున్నవారు ఈ సాయంత్రమే నమ్మకస్తుడైన ఒక్కరితో తమ కష్టం చెప్పుకోండి. సాయం అందితే "జజాకల్లాహు ఖైరన్" అనండి. మీరు చేయి అందుకుంటే ఎదుటివానికీ పుణ్యం దక్కుతుంది.

ఇచ్చేటపుడు గర్వాన్నీ, పుచ్చుకునేటపుడు సంకోచాన్నీ అల్లాహ్ మన హృదయాల నుండి తొలగించుగాక! ఆమీన్.