చిన్నక్క నుంచి ఇయర్‌ఫోన్ దాకా

ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవం. హైదరాబాదుకు మాత్రం అంతకు పది రోజుల ముందే సొంత పండుగ ఉంది. నగరానికి రేడియోను ఆకాశవాణే తెచ్చిందని చాలామంది నమ్మకం. నిజానికి 1935 ఫిబ్రవరి 3నే నిజాం సర్కారు దక్కన్ రేడియో ఇక్కడ గొంతు విప్పింది. ఆకాశవాణి ఆ కేంద్రాన్ని చేతిలోకి తీసుకున్నది 1950లో. ఇక మార్కోనీ మొదలుకొని చెప్పే కథ శ్రోతలకు కంఠతా వచ్చినదే కాబట్టి, ఈ కాస్త సమయం రేడియో నవ్వులకు ఇవ్వడం న్యాయం. ఆ నవ్వులు పాడ్‌కాస్ట్ దాకా ఎలా నడిచొచ్చాయన్నదే ఇవాళ్టి ముచ్చట.

పొద్దున తొమ్మిదింటికి కోకాపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు వెళ్లే ఏ క్యాబ్‌లోకి తొంగిచూసినా ఒకటే దృశ్యం. ముందు డ్రైవరన్న పెట్టుకున్న ఎఫ్‌ఎం మోగుతుంటుంది. వెనక కూర్చున్నవాళ్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఉన్నట్టుండి ఒకమ్మాయి ఫక్కున నవ్వుతుంది, పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడి చూస్తారు. 2023 భూముల వేలంలో కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో ఎకరం 100 కోట్లు దాటిన చోటు ఇది. ఇక్కడ ఉద్యోగికి దొరికే అసలైన తీరిక ఆ ట్రాఫిక్‌లోనే. పాడ్‌కాస్ట్ వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ తీరికలోనే.

అలాంటి తీరిక చూసుకుని ఇళ్లలోకి వచ్చినవాళ్లే చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు. హైదరాబాదు ఆకాశవాణి కార్మికుల కార్యక్రమం విన్నవారికి ఈ మూడు పేర్లు చుట్టాల పేర్లంత దగ్గర. పేరు చూస్తే అది కామెడీ షో కాదు. కార్మికులకు పనికొచ్చే సంగతులు చెప్పడానికి పెట్టిన కార్యక్రమం. కానీ ఆ సంగతులను ఉపన్యాసంలా చదివితే వినేదెవరు? అందుకే ముగ్గురిని కూర్చోబెట్టి పిచ్చాపాటీ ఆడించారు. ఒకరు అడగడం, ఒకరు వెటకారమాడటం, ఇంకొకరు సర్దిచెప్పడం. పాత్రల స్వభావం ఏనాడూ మారదు కనుక, ఏకాంబరం నోరు విప్పకముందే వినేవారి పెదవులు విచ్చుకునేవి.

చిన్నక్క గొంతు రతన్‌ప్రసాద్‌ది. రాంబాబు డి. వెంకట్రామయ్య. ఇక్కడ కాస్త ఆగాలి. ఈ వెంకట్రామయ్యే ప్రాంతీయ వార్తలు చదివిన న్యూస్‌రీడర్, మంచి కథకుడు కూడా. వార్తల్లో అక్షరం తొణకని గంభీరమైన గొంతు, రాంబాబుగా మారగానే వీధి అరుగు మీది కుర్రాడి గొంతైపోతుంది. ముఖం కనబడని చోట మనిషిని మార్చడానికి గొంతొక్కటే ఆధారం. మాటకూ మాటకూ మధ్య ఎంతసేపు ఆగాలో తెలిసినవాడే అక్కడ నెగ్గుకొస్తాడు. తెలుగు హాస్యనటుల జాబితాలు వేసేవారు సినిమా దగ్గరే ఆగిపోతారు. ఈ ముగ్గురి పేర్లూ ఆ జాబితాల్లో ఉండి తీరాలి.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దాని నాటకాల గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు. చిలకమర్తి వారి ‘గణపతి’, గురజాడ ‘కన్యాశుల్కం’ అక్కడ శ్రవ్యరూపం పొంది, నండూరి సుబ్బారావు వంటి నటుల గొంతులతో ఇంటింటి మాటలయ్యాయి. అభిమానులు వాటిని క్యాసెట్లలోకి ఎక్కించుకున్నారు. తర్వాత ఎంపీత్రీలు, ఆ తర్వాత యూట్యూబ్. కావలసినప్పుడు, కావలసిన చోట, ఆపి మళ్లీ వినడం అనే అలవాటు తెలుగువారికి ఆ టేపులతోనే వచ్చింది. పాడ్‌కాస్ట్ మనకు నిన్నగాక మొన్న వచ్చిన వింత అనడం అంత సబబు కాదు.

గడియారం తొందరపెడుతోంది కనుక ఎఫ్‌ఎం కాలాన్ని రెండు ముక్కల్లో దాటేయాలి. 2006లో హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చాయి. సొంతంగా వార్తలు చెప్పడానికి వాటికి అనుమతి లేదు. మిగిలింది పాట, కబురు, జోకు. ఫోన్ చేసి ఆటపట్టించే నిమిషం, నిమిషమున్నర ముక్కలు అలా పుట్టాయి. ఆర్జేలలో ప్రతిభకు లోటేమీ లేదు. రెండు ప్రకటనల మధ్య ఇరుకులో నవ్వుకు ఊపిరాడలేదంతే.

ఆ ఇరుకు నుంచి బయటపడిన కథల్లో అందమైనది లండన్‌ది. ఎక్స్‌ఎఫ్‌ఎం అనే స్టేషన్‌లో రికీ జర్వైస్, స్టీఫెన్ మర్చంట్ అనే ఇద్దరు హాస్యకారులు కార్యక్రమం చేసేవారు. బటన్లు నొక్కడానికి కార్ల్ పిల్కింగ్టన్ అనే మాంచెస్టర్ మనిషిని కూర్చోబెట్టారు. మధ్యమధ్యలో అతన్ని పలకరిస్తే అతని జవాబులు వింతగా ఉండేవి. కోతులు మనుషుల ఉద్యోగాలు చేశాయంటూ ‘కోతుల వార్తలు’ చెప్పేవాడు. అవి నిజమేనని పట్టుబట్టేవాడు! చూస్తుండగానే షోకి అతనే ప్రాణమయ్యాడు. 2005 డిసెంబరులో ముగ్గురూ గార్డియన్ పత్రిక సైట్‌లో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. పాటల్లేవు, అరగంట మాటలే. తొలి నెలలో ఎపిసోడ్‌కు సగటున 2,61,670 డౌన్‌లోడ్లతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ కూర్పును జాగ్రత్తగా వింటే చిన్నక్క ఇంటి కబుర్లే గుర్తొస్తాయి. అక్కడా ముగ్గురే, అదే పిచ్చాపాటీ.

తెలుగులో రేడియో నుంచి ఇటు నడిచినవారిలో కిరణ్‌ప్రభ ముందువరసలో ఉంటారు. కాలిఫోర్నియాలో ఉంటూ ‘కౌముది’ మాసపత్రిక నడిపే ఆయన, ఇంటర్నెట్ రేడియో ‘టోరి’లో చేసిన టాక్ షోలను యూట్యూబ్‌లోకి తెచ్చారు. అవి హాస్య కార్యక్రమాలు కావు. అయినా సాహిత్యం, సినిమా మనుషుల గురించి చెబుతూ చెబుతూ ఆయన చిన్నగా నవ్వే తీరు అచ్చంగా రేడియో నాటి తీరే. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఇలాంటి మాటలు గంటల తరబడి వినడం మామూలైపోయింది.

ఇక మిగిలింది ఆకాశవాణి చేయవలసిన పని. కార్మికుల కార్యక్రమం టేపుల్లో ఎన్ని మిగిలి ఉంటే అన్నిటినీ శుభ్రం చేసి, తేదీలు, నటుల పేర్లు, రచయితల పేర్లు జోడించి, వారానికొకటిగా పాడ్‌కాస్ట్ చేయాలి. కోకాపేట క్యాబ్‌లో కూర్చున్న ఆ అమ్మాయికి ఏకాంబరాన్ని పరిచయం చేయడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.