ఊరి పాటకు తగిన కంప్యూటరు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామములోని పాటలను, కథలను, వాద్యములను రికార్డు చేసి భద్రపరచవలెనని తలపెట్టిన పంచాయతీకి మొదట ఎదురగు ప్రశ్న ఒకటే: ఏ కంప్యూటరు కొనవలెను? ఈ విషయమున మాకు తెలిసిన నాలుగు మాటలు మీకు విన్నవింపదలచినాము.

ముందుగా ఈ పనికి గల ప్రాముఖ్యమును గమనింపుడు. ఒగ్గు కథ, చిందు యక్షగానము, నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు మొదలగువానిలో చాల భాగము పాడువారి నోటనే నిలిచియున్నది. మాటలు కాగితముపై ఎక్కినను గొంతులోని విరుపు, డప్పులోని దరువు కాగితముపై ఎక్కవు. కోయల వీరగాథలను డోలి మీద గానము చేసిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2024లో వారు దివంగతులైరి. అట్టి వృద్ధ కళాకారులు మన గ్రామములలోను ఉన్నారు. వారి పాట వారితోనే పోకుండ చూచుట పంచాయతీకి తగిన కార్యము.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది. ఆ కాలమున పంచాయతీ రేడియో చుట్టును చేరి గ్రామస్థులు పట్టణము పంపిన గానమును వినెడివారు. నేడు గ్రామము తన గానమును తానే పదిలపరచుకొనగల సాధనములు చేతికి అందినవి. అయితే ప్రజాధనముతో కొనునది గనుక ప్రతి రూపాయికిని ప్రయోజనము ఉండవలెను.

కొనుటకు పూర్వము పని ఏదో నిర్ణయించుకొనవలెను. ఒకరిద్దరు గాయకులను రికార్డు చేయుట మొదటి రకము. దీనికి సామాన్యమైన లాప్‌టాపు చాలును. భజన బృందమునో, ఒగ్గు కథా బృందమునో ఆరు, ఎనిమిది మైకులతో ఒక్కసారి రికార్డు చేయుట రెండవ రకము. దీనికి మంచి ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్.ఎస్.డి. ఉండుట మేలు. కంప్యూటరులోని కృత్రిమ వాద్యములతో సంగీతమును కూర్చుట మూడవ రకము. దీనికి మాత్రమే మరింత వేగమైన ప్రాసెసరు, 32 జీబీ ర్యామ్ అవసరమగును. గ్రామములో చాలవరకు మొదటి రెండు పనులే ఉండును. ఆటలు ఆడువారి కొరకు చేసిన యంత్రములలోని ఖరీదైన గ్రాఫిక్సు కార్డు శబ్దమునకు ఏమియు ఉపకరింపదు. అనేక లాప్‌టాపులలో ర్యామ్‌ను తరువాత పెంచుటకు వీలుండదు. కావున కొనునప్పుడే ఈ సంగతి అడిగి తెలిసికొనవలెను.

ఎంత స్థలము కావలెనో మనమే లెక్క వేసుకొనవచ్చును. భద్రపరచదగిన రికార్డునకు సెకండుకు 48,000 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 24 బిట్లు కనీస ప్రమాణముగా ఈ రంగమున అంగీకృతమై యున్నది. ఈ ప్రకారము ఒక మైకు ఒక గంటకు సుమారు 520 మెగాబైట్లు ఆక్రమించును. ఎనిమిది మైకులతో ఆరు గంటలు సాగు కథకు సుమారు 25 జీబీ పట్టును. అనగా 512 జీబీ స్థలములో కంప్యూటరు సొంత అవసరములు పోను, పది పండ్రెండు రాత్రుల కథలు తేలికగా ఇమిడిపోవును. రికార్డును వేవ్ రూపముననే ఉంచవలెను. ఎంపీ3 రూపము శబ్దములో కొంత భాగమును విడిచివేయును. అది ఫోనులో పంపుకొనుటకే గాని భద్రపరచుటకు తగదు. సాధారణమైన వేవ్ ఫైలు 4 జీబీని మించి పెరుగలేదు. కావున రాత్రంతయు సాగు కథను ఒకే ఫైలుగా గాక ఘట్టమునకు ఒక ఫైలుగా రికార్డు చేయుట క్షేమము.

ఇక ఆలస్యము అను చిక్కు ఒకటి కలదు. గాయకుని గొంతు మైకు ద్వారా కంప్యూటరులోనికి పోయి, హెడ్‌ఫోను ద్వారా తిరిగి అతని చెవికి చేరుటకు కొంత కాలము పట్టును. కంప్యూటరు 256 నమూనాల చొప్పున శబ్దమును గ్రహించినచో ఒక్కొక్క విడతకు సెకండులో వేయింట ఐదు వంతులు పట్టును. 1,024 చొప్పున గ్రహించినచో వేయింట ఇరువదియొక్క వంతులు పట్టును. ఈ రెండవది ఇరువదినాలుగు అడుగుల దూరము నుండి శబ్దము వచ్చినంత ఆలస్యము. అట్లయిన తాళము తప్పును. వేగమైన ప్రాసెసరు, యంత్రమునకు తగిన డ్రైవరు ఉన్నచో చిన్న విడతలతో పని జరుగును. విండోస్ కంప్యూటరునకు ఏసియో డ్రైవరు గల ఆడియో ఇంటర్‌ఫేసును అడుగుడు. గాయకుని గొంతును కంప్యూటరుతో ప్రమేయము లేకుండ నేరుగా హెడ్‌ఫోనుకు పంపు సౌకర్యము అనేక ఇంటర్‌ఫేసులలో ఉండును. ఉన్నచో ఈ చిక్కే లేదు.

గ్రామ పరిస్థితులకు డెస్క్‌టాపు కంటె లాప్‌టాపే అనుకూలము. కరెంటు పోయినను బ్యాటరీ వలన రికార్డు ఆగదు. కళాకారుడు పంచాయతీ కార్యాలయమునకు రానక్కరలేదు. యంత్రమే అతని ఇంటి అరుగు మీదకు పోవును. ఎర్తింగు సరిగా లేని చోట మైకులో గుయ్యిమను మ్రోత వినవచ్చును. అట్టి సమయమున ఛార్జరు తీసివేసి బ్యాటరీపై నడిపినచో చాలమార్లు ఆ మ్రోత తగ్గును. కంప్యూటరులోని ఫ్యాను ధ్వనియు మైకునకు వినబడును గనుక నిశ్శబ్దముగా నడచు యంత్రమును ఎంచుకొనవలెను. దుకాణములోనే దానిని పావుగంట నడిపించి చెవి యొగ్గి వినుడు.

పాత కంప్యూటరును చౌకగా ఇత్తుమని వచ్చువారుందురు. విండోస్ 10నకు సాధారణ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కావున దానిపై విండోస్ 11 నడచునో లేదో ముందుగా విచారింపవలెను. సాఫ్ట్‌వేరు కొరకు మొదటనే పెద్ద వ్యయము అక్కరలేదు. ఆడాసిటీ ఉచితముగా లభించును. ఒకటి రెండు మైకుల పనికి అది చాలును. మ్యాక్ కంప్యూటరులకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితము. ఎక్కువ మైకుల పనికి రీపర్ వంటివి కలవు. దానిని 60 దినములు పరీక్షించి చూచి, పిమ్మట కొనవచ్చును.

సోదరులారా! బావిలో నీరు లేనప్పుడు మోటారు ఎంత పెద్దదైనను మడి తడవదు. అటులనే మైకు వద్ద శబ్దము బాగుండనిచో కంప్యూటరు ఎంత గొప్పదైనను రికార్డు బాగుండదు. కావున ఉన్న ధనమంతయు కంప్యూటరుకే వెచ్చింపక మైకులకు, ఇంటర్‌ఫేసుకు, హెడ్‌ఫోనుకు, స్టాండ్లకు తగిన భాగము కేటాయింపుడు. కండెన్సరు మైకు కొన్నచో దానికి కావలసిన 48 వోల్టుల విద్యుత్తును ఇంటర్‌ఫేసు ఇచ్చునో లేదో చూడవలెను. రోడ్డుకు దూరముగానున్న గదిని ఎంచి, గోడలకు బొంతలు, దుప్పట్లు వ్రేలాడదీసి, పైనున్న ఫ్యాను ఆపినచో స్వల్ప వ్యయముతోనే మంచి రికార్డింగు గది సిద్ధమగును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రతులను కాపాడుట. కంప్యూటరు ఎన్నటికైనను చెడిపోవును, పాట చెడిపోరాదు. ప్రతి రికార్డునకు మూడు ప్రతులుండవలెను: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డుడిస్కులో, మరొకటి వేరొక ఊరిలోని పాఠశాలలోనో, గ్రంథాలయములోనో. కావున రెండు విడి హార్డుడిస్కుల ధరను అంచనాలో మొదటనే చేర్పవలెను. పాడినవారి పేరు, ఊరు, తేదీ, పాట సందర్భము ఒక రిజిస్టరులో వ్రాయవలెను. పేరు లేని రికార్డు తలిదండ్రులు తెలియని బిడ్డ వంటిది.

కళాకారుని అనుమతి కూడ అవశ్యము. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించినది. రికార్డు ఎందుకు చేయుచున్నారో, ఎవరు విందురో, దాని వలన ఆదాయము వచ్చినచో ఎవరికి చెందునో పత్రమున వ్రాసి, చదువు రానివారికి చదివి వినిపించి, పిమ్మటనే సంతకము గాని వ్రేలిముద్ర గాని తీసికొనవలెను. కొన్ని పాటలు కొలుపు సమయముననే పాడదగినవి. వానిని రికార్డు చేయవద్దని పెద్దలు చెప్పినచో ఆ మాట మన్నింపవలెను.

కావున సభ్యులారా, తీర్మానము వ్రాయునప్పుడు "ఒక కంప్యూటరు కొనుటకు" అని వ్రాయకుడు. "గ్రామ కళాకారుల పాటలను రికార్డు చేసి భద్రపరచుటకు కావలసిన సామగ్రి కొనుటకు" అని వ్రాసి, పని వివరములను, సామగ్రి జాబితాను, దానిని నడుపువారి పేరును చేర్చుడు. పాటపై ప్రేమగల యువతీయువకులను ఇద్దరిని ఈ పనికి నియమింపుడు. ఒకరు ఊరు విడిచి పోయినను రెండవవారు నడుపగలరు. ఇద్దరును నేర్చుకొనువరకు పెద్ద యంత్రము కొరకు తొందరపడవలదు. గ్రామములోని మిక్కిలి వృద్ధ కళాకారుని విషయమున మాత్రము ఆలస్యము చేయవలదు. సామగ్రి వచ్చులోపల ఉన్న ఫోనుతోనైన నిశ్శబ్దమైన గదిలో ఆ గొంతును పదిలపరచుడు. యంత్రము వచ్చే ఏడాదియు దొరకును. ఆ గొంతు దొరకునని చెప్పలేము.