మన ల్యాప్‌టాప్‌లో నడిస్తే చాలదు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం వెబ్‌సైటును చిన్న బ్యాచ్‌ల పిల్లలు నోడ్ జేఎస్‌లో తయారు చేస్తున్నారు. మాస్టార్ల ఫోన్ నంబర్లు, చందాల లెక్కలు, పాత గ్రూప్ ఫొటోలు అందులోకి రాబోతున్నాయి. కొన్ని ఫొటోలకు ఇంకో కాపీ ఎక్కడా లేదు. అందుకే ఈ పది నిమిషాలూ ఆ పిల్లల కోసం మాట్లాడతాను. మాస్టార్లకూ అర్థమవుతుంది, హోటల్లో సర్వర్ అంటే ఎవరో మనందరికీ తెలుసు కదా!

2009లో ర్యాన్ డాల్ అనే ఆయన క్రోమ్ బ్రౌజరులోని వీ8 ఇంజిన్‌ను తీసుకుని నోడ్ తయారు చేశాడు. దాని పద్ధతి ఒకే సర్వర్ ఉన్న టిఫిన్ హోటల్ లాంటిది. ఆర్డరు తీసుకుంటాడు, వంటింట్లోకి కేకేస్తాడు. దోసె కాలేదాకా పెనం దగ్గర నిలబడడు, పక్క టేబులు దగ్గరికి వెళ్లిపోతాడు. అందుకే ఒక్కడే అంతమందికీ సరిపోతాడు. అతన్నే పిండి రుబ్బమంటే హోటలంతా ఆగిపోతుంది. పెద్ద ఎక్సెల్ షీటు విప్పి లెక్కలు కట్టడం, వందల మందికి పీడీఎఫ్ రసీదులు చేయడం పిండి రుబ్బే పనులు. వాటిని వర్కర్ థ్రెడ్‌కో, విడిగా నడిచే మరో ప్రోగ్రాముకో అప్పగించండి. ఫంక్షన్ పేరు చివర ‘సింక్’ అని ఉంటే, రిక్వెస్టులకు జవాబిచ్చే కోడ్‌లో దాన్ని వాడకండి.

ఇక ఫొటోలు. ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డరులో పెడితే రేపూ ఉంటాయి. క్లౌడ్‌లో కంటెయినర్ డిస్కు అలా కాదు. కొత్త వెర్షన్ ఎక్కించగానే పాత కంటెయినర్ పోతుంది, దాంతో ఆ ఫోల్డరూ పోతుంది. ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజిలో పెట్టండి, దాన్ని పబ్లిక్‌గా తెరిచి ఉంచకండి. బ్యాకప్ తీశామంటే నేను నమ్మను. అందులోంచి ఒకసారి మళ్లీ ఎక్కించి చూశామంటే నమ్ముతాను.

పాస్‌వర్డులు కోడ్‌లో రాయొద్దు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టండి. ఒకవేళ గిట్‌హబ్‌కు వెళ్లిపోతే ఫైలు తీసేసి ఊరుకోకండి, పాత కమిట్లలో అది అలాగే ఉంటుంది. ముందు ఆ పాస్‌వర్డును మార్చేయండి, శుభ్రం చేయడం తర్వాత.

వెర్షన్ల గురించి ఒక్క ముక్కే. ఎల్‌టీఎస్ వాడండి, లాక్ ఫైలును గిట్‌లో ఉంచండి, సర్వర్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ కొట్టండి.

టైము సంగతి మాత్రం కాస్త వినండి. క్లౌడ్ సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో నడుస్తుంది. మనం దానికి ఐదున్నర గంటలు ముందు. మనకు అర్ధరాత్రి దాటినా, తెల్లవారుజామున ఐదున్నర దాకా దానికి ఇంకా నిన్నే! మాస్టారికి ఉదయం ఆరింటికి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్లాలని పెడితే, పదకొండున్నరకు వెళతాయి. అమెజాన్ వాళ్లు 2022 నవంబరులో హైదరాబాదులోనే క్లౌడ్ రీజియన్ తెరిచారు. సర్వర్ అక్కడే ఉన్నా గడియారం యూటీసీయే. కాబట్టి టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా అని కోడ్‌లో మీరే చెప్పాలి. పుట్టిన తేదీని టైముతో కలపకుండా ఒట్టి తేదీగానే దాచండి.

కమిటీ పెద్దలకు ఒక మాట. క్లౌడ్ అకౌంటు, డొమైన్ పేరు ఇప్పుడు ఒక తమ్ముడి సొంత మెయిల్ మీద, సొంత కార్డు మీద ఉన్నాయి. మంచి మనసుతో చేశాడు. రేపు ఉద్యోగానికి వేరే దేశం వెళ్లాడనుకోండి, ఆ కార్డు గడువు తీరిందనుకోండి, సైటుతో పాటు ఫొటోలూ పోతాయి. అకౌంటు సంఘం పేరుకు మార్చండి, ఇద్దరికి అడ్మిన్ హక్కులివ్వండి. బడ్జెట్ అలర్ట్ పెట్టండి. అది కబురు చెబుతుందే గానీ తనంతట తాను ఖర్చు ఆపదు, కాబట్టి రోజూ మెయిల్ చూసేవారికే అది వెళ్లాలి. డొమైన్ గడువు ఏ తేదీతో తీరుతుందో ఈ సభ ముగిసేలోగా ఎవరైనా చూసి కార్యదర్శి గారికి చెప్పండి.