మూగజీవి ముసలితనం



ఈ పూట మా ఇంటి పిల్లిని గురించి మాట్లాడతాను. నవ్వుకోకండి. దానికి 15 ఏళ్లు. ఒకప్పుడు ఒక్క గెంతులో అటక ఎక్కిన పిల్లి, ఇప్పుడు మంచం ఎక్కడానికే వెనుకాడుతుంది. మాటిమాటికీ నీళ్లు తాగుతుంది. బాగా చిక్కిపోయింది. ఒక శనివారం రాత్రి నా పరుపు తడిపేసింది. నాకు కోపం వచ్చింది. "రేపు ఆరాధన కాగానే దీన్ని గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తాను" అన్నాను.

మా అమ్మకు 78 ఏళ్లు. ఆమె మెల్లగా అడిగింది: "రేపు నేను పక్క తడిపితే, నన్నెక్కడ వదులుతావు నాయనా?"

ప్రియులారా, మరునాడు ప్రసంగపీఠం ఎక్కినా ఆ మాటే నా చెవుల్లో మోగింది. సోమవారం పిల్లిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, మూత్రపిండాలు బలహీనపడ్డాయన్నారు. ముసలి పిల్లులకు తరచుగా వచ్చే జబ్బే అది. అది ఆపుకోలేక చేసిన పనికి నేను శిక్ష వేయబోయాను!

మీ ఇంట్లోనూ 10 ఏళ్లు దాటిన పిల్లి ఉందా? పిల్లి తన నొప్పిని దాచుకుంటుంది. అరవడం లేదు గనుక బాగానే ఉందనుకోవద్దు. అంచు తక్కువగా ఉన్న ఇసుక తొట్టెను అది పడుకునే చోటికి దగ్గరలో పెట్టండి. మంచినీళ్లు రెండు మూడు చోట్ల ఉంచండి. ఒక రోజంతా ఏమీ తినకపోతే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఎన్నడూ ఇవ్వకండి. పిల్లికి అది విషం.

సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనం తీసి చూడండి. నీతిమంతుణ్ణి గుర్తుపట్టడానికి అక్కడ ప్రార్థన మాట లేదు, కానుకల మాట లేదు. తన పశువు ప్రాణం మీద అతనికున్న దయ ఒక్కటే ఉంది. పాలిచ్చే గేదెను ఎవరైనా చూసుకుంటారు. ఎలుకను పట్టలేని పిల్లి దగ్గరే మన దయ ఏపాటిదో తేలుతుంది.

ఇప్పుడది అమ్మ మంచం కింద, పాత దుప్పటి మీద పడుకుంటుంది. తెల్లవారగానే ఆ దుప్పటి నేనే ఉతుకుతున్నాను. అమ్మ చూస్తూ ఉంటుంది, ఏమీ అనదు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, ఎవరి చేత ఇక ఏ పనీ కాదో, అలాంటి వారు మీ ఇంట్లో ఉన్నారా? మనిషైనా, మూగజీవైనా, వారి పక్క పొడిగా ఉందో లేదో చూసి ఈ రాత్రి పడుకోండి. కనికరముగల తండ్రి మనకు ఓపిక దయచేయును గాక. ఆమేన్.